పెద్దలకు విమానం కావాలి

సవర ఇంటిగోడ మీద బొమ్మ పూర్తయిందో లేదో గీసినవాడు చెప్పడు. గీయించుకున్నవాడు చెప్పాలి. ఆ గీయించుకున్నవాడు చచ్చిపోయి చాన్నాళ్ళయి ఉంటుంది.

ఇంట్లో పిల్లకి జ్వరం విడవదు. లేదా పోడులో కొర్రలు, సామలు ఎదగవు. చనిపోయిన పెద్దలతో మాట్లాడే ఎజ్జోణ్ణి పిలిస్తే తాతకి ఉండడానికి ఇల్లు లేదని, అందుకే ఈ చుట్టుపక్కలే తిరుగుతున్నాడని తేలుతుంది. అప్పుడు లోపలి గోడకి ఎర్రమన్ను పూస్తారు. బియ్యప్పిండి నీళ్ళలో కలిపి, కొస నలగ్గొట్టిన పుల్లతో ముందు చుట్టూ ఒక చట్రం గీస్తారు. ఆ చట్రమే ఇల్లు. తరువాత అంచునుంచి లోపలికి నింపుకుంటూ వస్తారు. ఏనుగులు, గుర్రాలు, సూర్యుడు, చంద్రుడు, చెట్టు మీద కోతులు, దువ్వెన, బల్లి, చేతులు పట్టుకుని ఆడే మనుషుల వరస. గీయడం అయ్యాక కల్లు పెట్టి, కోడిని కోసి, తాతని పిలిచి చూసుకోమంటారు. ఆయన ఎజ్జోడి నోటితో మాట్లాడతాడు. గుర్రం లేదంటే గుర్రం గీస్తారు, నౌకర్లు చాల్లేదంటే ఇంకో ఇద్దర్ని చేరుస్తారు. మళ్ళీ పిలుస్తారు. ఆయన సరేనన్నాకే పుల్ల కింద పెట్టడం.

ఈ తంతునంతా దగ్గరుండి చూసి రాసినవాడు వెరియర్ ఎల్విన్. గంజాం, కోరాపుట్ కొండల్లో తిరిగి 1951లో మధ్య భారతపు ఆదివాసి కళ మీద ఒక పుస్తకం, 1955లో సవరల మతం మీద ఇంకో పెద్ద పుస్తకం వేశాడు. వాటిలోని బొమ్మల నకళ్ళు చూస్తుంటే నన్ను పట్టి ఆపేది ఏనుగులు కావు, విమానాలు. ఏనుగుల మధ్యలోంచి విమానం పోతూ ఉంటుంది. తుపాకులు పట్టుకున్నవాళ్ళు ఉంటారు, గుర్రాల మీద దొరలు ఉంటారు. తరవాతి కాలపు గోడల మీద సైకిళ్ళు, రైళ్ళు, గడియారాలు కూడా వచ్చి చేరాయి. కొండమీది ఊళ్ళో బతికున్నవాడికి సైకిలు లేకపోయినా, కిందిలోకంలో ఉన్న తాత మాత్రం దర్జాగా తిరగాలి కదా. రాజులకీ దొరలకీ ఏ వాహనాలుంటే అవే ఆయనకీ కావాలి. అది మన సంప్రదాయం కాదు, తీసెయ్ అన్నవాళ్ళు ఎవరూ కనిపించరు.

ఇప్పుడు ఆ గోడలు ఎక్కడున్నాయి? మా పాతపట్నం నుంచి పైకి కనిపించే కొండల్లో సవర ఊళ్ళున్నాయి. మెళియాపుట్టి వైపు వెళ్ళినా, కొత్తూరు మీదుగా సీతంపేట ఎక్కినా ఉన్నాయి. ఇళ్ళు చాలామటుకు సిమెంటువి అయిపోయాయి. సున్నం, పెయింటు వేసిన గోడ మీద ఎర్రమన్ను నిలవదు. కొన్ని ఊళ్ళు క్రైస్తవంలో కలిశాయి, అక్కడ తాతలకి వేరే ఏర్పాటు ఉంది. జ్వరానికి మాత్ర ఉంది, అది మంచిదే. బొమ్మ గీయించుకునే పెద్దలు తగ్గిపోయారు. గీసే చెయ్యి మాత్రం మిగిలింది. ఆ చేతికిప్పుడు పని ఇస్తున్నది సంచీ, ట్రే, చేట, మట్టి ప్లేటు, కీ చైను.

కళని అమ్మకూడదనే మనిషిని కాను నేను. దేవుడిచ్చిన విద్యని డబ్బుకి మార్చడం పాపమనే మాట ఎక్కువగా జీతాలున్నవాళ్ళ నోటే విన్నాను. గోడ పోయినప్పుడు గుడ్డే గోడ అవుతుంది, అందులో తప్పేముంది? పక్కనే సారవకోట మండలంలో బుడితి ఉంది. అక్కడి ఇత్తడి పనివాళ్ళు, జనం స్టీలు బిందెలకి మారిపోతే పూలకుండీలు పోత పోసి బతికారు. అయితే బిందె మొదటినుంచీ సరుకే. కొనేవాడు దాన్ని వేలితో కొట్టి మోగించి చూసుకుని ఒప్పుకునేవాడు. సవర బొమ్మ కూడా ఒకరు అడిగి, చూసి, ఒప్పుకున్నదే. కాకపోతే ఆ ఒప్పుకునేవాడు బేరమాడేవాడు కాదు. ఇప్పుడు ఆయన కుర్చీలో కొనేవాడు కూచున్నాడు. నా గొడవంతా ఆ కుర్చీ గురించే.

మా మేనకోడలు హైదరాబాదు నుంచి పండక్కి వస్తూ ఒక గుడ్డసంచీ తెచ్చి, “మావయ్యా, మీ ఊరి ఆర్టు” అని చూపించింది. మెరూన్ రంగు మీద తెల్ల మనుషులు, అరచెయ్యంత మేరలో ఆరుగురు ఆడుతున్నారు. లోపల కుట్టిన చీటీ మీద ‘వర్లీ’ అని ఉంది. వర్లీలు మహారాష్ట్రలో ఉంటారు. వాళ్ళ మనిషికి రెండు త్రికోణాలు నడుం దగ్గర సూదిగా కలుస్తాయి. సవర మనిషి ఇంకొంచెం సాగి ఉంటాడు, అంత పదునుగా ఉండడు. ఆడా మగా తేడా కూడా సులువుగా తెలియదు. సంచీ మీద ఉన్నవాళ్ళు వర్లీలూ కాదు, సవరలూ కాదు. ఏ కంప్యూటరులోనో ఇద్దరినీ కలిపి పుట్టించిన సంకరం. పైగా ఆరుగురివీ ఒకే మొహం, ఒకే వొంపు, ఒకే చెయ్యి. తిప్పి చూస్తే వెనకవైపు కూడా అదే ఆరుగురు. మా కోడలుపిల్లని ఏమీ అనలేదు. సంచీ గట్టిగానే ఉంది, కొబ్బరికాయలు మోసింది.

చేత్తో గీసేవాళ్ళ సంగతి వేరు. కొండమీది కుర్రాడొకడు అప్పుడప్పుడూ పట్నం పనుల మీద దిగినప్పుడు మా అరుగు మీద కాసేపు కూచుంటాడు. శిక్షణ తరగతిలో ఎక్రిలిక్ రంగులు, గుడ్డరంగులు వాడడం నేర్చుకున్నాడు. పిండి గుడ్డని పట్టుకోదు, ఒక ఉతుక్కే పోతుంది. పుల్లతో గుడ్డ మీద గీస్తే పోగు లేస్తుంది, కాబట్టి సన్న కుంచె. వెదురుచేట మీద గీయాలంటే అల్లికలో సందులు పూడేలా ముందు ఎర్రరంగు రెండు పూతలు వెయ్యాలి, లేకపోతే గీత మధ్యలో తెగిపోతుంది. ఇవన్నీ వాడు చెబితే తెలిశాయి.

“విమానం గీయవేం?” అనడిగాను ఒకసారి.

“గీస్తే కొనరు మేస్టారూ. పాతది కాదంటారు.”

“పాతవాటిలో ఉన్నాదిరా.”

“ఉన్నాదని నాకు తెలుసు, మీకు తెలుసు. కొనేవోళ్ళకి తెలీదు కదా.” కాసేపాగి, “మా పెద్దోళ్ళు తమకేటి కావాలో సెప్పి గీయించుకునీవోరు. ఈళ్ళకేటి కావాలో ఈళ్ళకే తెలీదు. ట్రైబల్‌గా ఉండాలంటారు, అంతే” అన్నాడు.

ఈ రెండు ముక్కల్లో ఉన్నంత కళావిమర్శ నేను చదివిన వ్యాసాల్లో తక్కువే. చచ్చినవాళ్ళు కొత్తవి అడిగారు. బతికున్నవాళ్ళు, అదీ సెల్‌ఫోనుతో డబ్బు కట్టేవాళ్ళు, పాతవే కావాలంటున్నారు. తాతకి విమానం ఎక్కాలని ఉంటే, మనవడి వయసు గిరాకీకి తాత గోచీ కట్టుకునే ఉండాలని ఉంది. ఆటో, కరెంటు స్తంభం, సెల్ టవరు, నూట ఎనిమిది బండి, ఇవన్నీ వాడు రోజూ చూసేవే. గోడ ఉండి ఉంటే ఈపాటికి అన్నీ చట్రంలోకి ఎక్కేవి. సంచీ మీదికి మాత్రం రానివ్వరు. సంప్రదాయాన్ని కాపాడుతున్నామని అనుకుంటూ దాని ఎదుగుదలని కట్టేస్తున్నది కొనేవాళ్ళ ముచ్చటే.

ధర చేసే పని ఇంకొకటి ఉంది, అది ఇంకా చల్లగా చేస్తుంది. చట్రమంతా గీస్తే, సరైన చేట ఒక్కోటి రెండు రోజులు తింటుందనుకోండి. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. మట్టి తవ్వే పనికిచ్చేంత ఇచ్చినా చేటకి 614 అయింది, ఇంకా రంగూ చేటా కలపలేదు, పట్నం తీసుకెళ్ళే బస్సు చార్జీ కలపలేదు, స్టాలు పెట్టినవాళ్ళ వాటా కలపలేదు. పక్క స్టాల్లో అచ్చేసిన సంచీ రెండొందలు. అప్పుడేమవుతుందంటే, గీసేవాడు మనుషుల్ని తగ్గిస్తాడు. ముందు కోతులు పోతాయి. తరవాత గుర్రాలు. తరవాత చట్రం పోతుంది, ఎందుకంటే అంచు నిండా సన్న సన్న పళ్ళలాంటి గీతలు గీయడానికే పూటంతా పడుతుంది. చివరికి కీ చైను మీద ఒక్కడు మిగులుతాడు, చెయ్యి పైకెత్తి.

వాడిని చూస్తే నాకు ఎక్కడో మనసు చివుక్కుమంటుంది. చట్రం ఇల్లని చెప్పుకున్నాం కదా. ఇల్లు లేదని ఏడ్చిన తాత కోసం మొదలైన బొమ్మ, చివరికి ఇల్లూ వాకిలీ లేని మనిషిగా ఎవరి స్కూటరు తాళానికో వేలాడుతోంది. ఇది కవిత్వం కోసం అనడం లేదు. కీ చైను వెయ్యొద్దనీ అనను, అది అమ్ముడయ్యే రోజున బియ్యం కొనుక్కుంటారు. కాకపోతే అదొక్కటే అమ్ముడయ్యే రోజు వస్తే చట్రం గీయడం వచ్చినవాడు ఉండడు.

వేరేచోట్ల ఏం జరిగిందో చూద్దామంటే మిథిల ఉంది. 1966-67లో బీహారులో కరువొచ్చినప్పుడు, అఖిల భారత హస్తకళల బోర్డు తరఫున పుపుల్ జయకర్ ఒక చిత్రకారుణ్ణి మధుబని పంపింది, పేరు భాస్కర్ కులకర్ణి. పెళ్ళిగది గోడల మీద బొమ్మలు గీసే ఆడవాళ్ళకి ఆయన కాగితాలు పంచి, వీటి మీద గీయండి, కొంటాం అన్నాడు. తరవాత వర్లీల దగ్గరికి వెళ్ళినదీ ఆయనే. ఆ కాగితం మీంచి చాలా చెత్త కూడా వచ్చింది, ఇప్పటికీ వస్తోంది. అదే కాగితం మీంచి గంగాదేవి కూడా వచ్చింది. ఆవిడ అమెరికా వెళ్ళి, తిరిగొచ్చి, గిర్రున తిరిగే రోలర్ కోస్టరుని మిథిల గీతలో గీసింది. క్యాన్సరు వస్తే ఆస్పత్రినీ, మంచాన్నీ, తనకి జరుగుతున్న వైద్యాన్నీ వరసగా గీసింది. 1984లో పద్మశ్రీ వచ్చింది, 1991లో పోయింది. ఆమెని ఎవరూ ఫలానా చేపలు, తామరలు మాత్రమే గీయమనలేదని కాదు, అన్నా ఆవిడ వినలేదు. అంత మొండితనం కడుపు నిండాక గానీ రాదేమో.

చట్టం సంగతి రెండు మాటలు, ఎందుకంటే మా కుర్రాడు అడిగాడు. తన బొమ్మ ఫోటో తీసుకుపోయి ఎవరైనా సంచుల మీద అచ్చేస్తే ఏం చెయ్యాలని. 1957 కాపీరైటు చట్టం ప్రకారం సొంతంగా గీసిన బొమ్మ మీద హక్కు గీసినవాడిదే, బతికినంత కాలమూ, పోయాక 60 ఏళ్ళూ. బొమ్మని అమ్మినంత మాత్రాన హక్కు పోదు, అది రాతకోతలతో విడిగా రాసివ్వాలి. అంతవరకు బాగానే ఉంది. అదే చట్టం 15వ సెక్షన్లో ఒక మెలిక ఉంది. డిజైనుగా నమోదు చేయించదగ్గదాన్ని నమోదు చేయించకుండా, హక్కుదారు తానే గానీ, అతని అనుమతితో మరొకరు గానీ పారిశ్రామిక పద్ధతిలో 50 సార్లకి మించి వస్తువుల మీద వేస్తే, ఆ డిజైను మీద కాపీరైటు అక్కడితో సరి. 50 దాకా కళ, 51వది సరుకు. ఎవరు లెక్కపెట్టారో గానీ ఆ గీత భలే చోట గీశారు. చేత్తో గీసేవాడు ఆ భయం పెట్టుకోనక్కర్లేదు. యాభై ఒకటోసారి కూడా వాడు మళ్ళీ మొదటినుంచీ గీస్తాడు, ఒక ఏనుగు తొండం కొంచెం పైకి లేస్తుంది. ఇక బాణీ విషయం. సవర తరహాలో ఎవడో గీసి అమ్ముకుంటే ఈ చట్టం పట్టించుకోదు, తాతలనాటి శైలికి ఒక యజమాని ఉండడు.

దానికోసమే భౌగోళిక గుర్తింపు పెట్టారు. 2024 జనవరిలో ‘లంజియా సవర చిత్రాలు’ అనే పేరు మీద ఆ గుర్తింపు వచ్చింది కూడా. ఒడిశాకి. వాళ్ళు ఇడితాల్ అంటారు, శ్రద్ధగా దరఖాస్తు పెట్టుకున్నారు, తెచ్చుకున్నారు, తప్పు పట్టడానికి లేదు. కానీ మా ఊరు చూసినవాళ్ళకి ఇందులోని తమాషా తెలుస్తుంది. పాతపట్నానికీ పర్లాకిమిడికీ మధ్య ఆటోలో వెళ్ళొచ్చేంతే దూరం, పక్కనే మహేంద్రతనయ ఏరు. రెంటి మధ్యా ఉన్న సరిహద్దు గీత 1936లో ఒడిశా విడి రాష్ట్రమైనప్పుడు గీసింది. అంతకుముందు రెండూ గంజాం జిల్లావే. గిడుగు రామమూర్తి పర్లాకిమిడి బళ్ళో పాఠాలు చెబుతూ సవర నేర్చుకున్నదీ, సవర పిల్లలకి బడి పెట్టిందీ, 1931లో ఆ భాషకి వ్యాకరణం అచ్చు వేయించిందీ ఆ గీత లేనప్పుడే. పర్లాకిమిడి ఒడిశాలోకి పోయిందని నొచ్చుకుని, ఆ ముసలితనంలో సామాన్లు సర్దుకుని రాజమండ్రి వెళ్ళిపోయాడాయన. కొండల్లో సవరలు మాత్రం ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు. అటు మేనమామ, ఇటు మేనల్లుడు. ఇప్పుడు మేనమామ గీస్తే గుర్తింపున్న బొమ్మ, మేనల్లుడు గీస్తే మామూలు బొమ్మ. తాత ఇద్దరికీ ఒక్కడే.

మనవైపు బొమ్మకీ ఆ ముద్ర ఉంటే బావుంటుంది. అయినా గుర్తింపు ముద్ర ఒక్కటే కుర్చీలో కూచున్నవాణ్ణి మార్చలేదు. చేర్యాల నకాషీలు చుట్టలు చుట్టలుగా కథల పటాలు గీసేవాళ్ళు. ఒక్కో కులానికి ఒక్కో కథ, ఆ కథ చెప్పేవాళ్ళే పటం గీయించుకుని, దాన్ని విప్పి పాడేవాళ్ళు. ముద్ర వచ్చాక కూడా ఎక్కువగా పోయేది గోడకి తగిలించుకునే మొహాలూ చిన్న చిన్న ముక్కలూ. కథ అడిగేవాడు లేకపోతే పటానికి పొడుగు దేనికి?

కాబట్టి నాకు తోచిన ఉపాయం చాలా చిన్నది. అడగాలి. ‘ట్రైబల్‌గా’ అని కాదు, నాకు ఇది కావాలి అని తాత అడిగినట్టు అడగాలి. పెళ్ళికి బహుమతి కావాలంటే ఆ పెళ్ళికొడుకు ట్రాక్టరు గీయమనండి. అమెరికాలో ఉన్న పిల్ల ఇంటికి పంపాలంటే ఆ పిల్ల కారూ, కుక్కా చట్రంలోకి ఎక్కించమనండి. నచ్చకపోతే ఫలానాది లేదని చెప్పి మళ్ళీ గీయించండి, దానికి డబ్బు వేరే ఇవ్వండి. అప్పుడా ట్రే అచ్చుకి దొరకదు. మీ కుక్క ఇంకొకరికి అక్కర్లేదు కదా. యంత్రం భయం అలా కొంత తీరుతుంది, ధర గురించి బేరమూ తగ్గుతుంది. తన కుక్కని చూసి ఎవడూ రెండొందలకి ఇస్తావా అనడు.

ఇంత చెప్పాక నేను అడగకపోతే బావుండదని, వాడితో మా రైలు గీయమన్నాను. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో వేసిన రెండున్నర అడుగుల పట్టాల రైలు, తరవాత 1931లో గుణుపురం దాకా పొడిగించారు, మా ఊరి మీదుగానే పోయేది. 2004లో ఆపేసి పెద్ద లైను వేశారు. వాడు చిన్న రైలు చూడలేదు. పెద్ద రైలే గీస్తానన్నాడు. కాదు, చిన్నదే కావాలన్నాను. ఎలా ఉంటుందని అడిగాడు. పొగ, చిన్న పెట్టెలు, కిటికీలు, వాగు దాటేటప్పుడు మనిషి నడకకన్నా మెల్లగా పోవడం, ఇవన్నీ చెప్పాను. వాడు నోటు పుస్తకం వెనకపేజీలో గీసి చూపించాడు. ఇంజనుకి ఏనుగు పోలిక వచ్చింది. అది మార్చొద్దన్నాను.

“చేట సరిపోదు మేస్టారూ, బల్ల కావాలి” అన్నాడు. సరేనన్నాను. రోజుల లెక్క చెప్పాడు, సగం ముందివ్వమన్నాడు, తీరా అయ్యాక వద్దంటే ఇంకెవరూ కొనరు కాబట్టి ఆ సగం తిరిగి రాదన్నాడు. వ్యాపారం బాగానే వంటబట్టింది. డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను.

“రైల్లో ఎవులు కూకోవాల?”

మా మామ్మని ఎక్కించమన్నాను. ఆవిడ టెక్కలి సంబంధాలన్నీ ఆ రైల్లోనే కుదిర్చింది.

“టిక్కెట్టు తీసిందేటి?” అని అడిగాడు వాడు. తియ్యలేదు, ఎప్పుడూ తియ్యలేదు. అయితే చెకింగు ఆయన్ని కూడా గీయాలి, ఒక మనిషి ఎక్కువవుతాడు, దానికి వేరే అవుతుందన్నాడు.